పుస్తకం మన జాతరకు రావాలి

(2025 ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో సంఘం పుస్తక బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు సభలో భూమి గురించి మాట్లాడారు, పోడు పట్టాల గురించి మాట్లాడారు, ఉద్యోగాల గురించి మాట్లాడారు. అవన్నీ ముందు మాట్లాడవలసినవే. మాకు ఇచ్చిన విషయం చిన్నదిగా కనబడుతుంది: మన పాఠకుడికి పుస్తకం ఎక్కడ దొరుకుతోంది, ఎక్కడ దొరికితే తీసుకుంటాడు? మన చరిత్ర, మన భాష, మన హక్కులు ఇప్పుడు పుస్తకాల్లోకి ఎక్కుతున్నాయి. అవి మన చేతికి రాకపోతే మన గురించి బయటివాళ్లు చదువుకుంటారు, మనకు మాత్రం తెలియకుండా పోతుంది. అందుకే ఈ చిన్న విషయానికి కొంచెం సమయం ఇవ్వమని అడుగుతున్నాం.

"ఆదివాసులకు చదివే అలవాటు లేదు" అని కొందరు తేలిగ్గా అనేస్తారు. ఈ మాట మేం ఒప్పుకోం. కాగితం రాకముందు కూడా మనకు పుస్తకం ఉంది. కోయల ఇలవేల్పు పడిగెను చూడండి. మూడు మూలల గుడ్డ మీద గట్టు, గోత్రం, మూలపురుషుల కథ బొమ్మలుగా ఉంటాయి. వేల్పు కొలుపు రోజున డోలీలు ఆ పడిగె విప్పి, ఒక్కొక్క బొమ్మ చూపిస్తూ పాడతారు. చదవడం అంటే అదే కదా! గోండుల ఇళ్లకు పర్ధాన్లు, తోటీలు కిక్రి పట్టుకుని వచ్చి సగల చరిత్ర చెబుతారు. ఇంటివాళ్లు వాళ్లకు ధాన్యం ఇస్తారు, బట్టలు పెడతారు. ఆ కథ వినడానికి మన తాతలు ఏ పట్నానికీ పోలేదు. కథే గుమ్మం ముందుకు వచ్చేది. తెలిసిన మనిషి తెచ్చేవాడు. పండగ రోజునో జాతర రోజునో తెచ్చేవాడు. పదిమంది కూర్చుని కలిసి వినేవారు. తెచ్చినవాడికి గౌరవంగా ఇవ్వవలసింది ఇచ్చేవారు.

ఈ నాలుగు సంగతులు గుర్తుపెట్టుకోండి. మన పాఠకుడు పుస్తకం ఎక్కడ కోరుకుంటున్నాడో అర్థం కావాలంటే ఇవే ఆధారం.

కాగితం మీది అక్షరం కూడా మనకు నిన్న మొన్న వచ్చింది కాదు. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో గోండి లిపిలో రాసిన చేతిరాత ప్రతులు ఇళ్లలోనే భద్రంగా ఉన్నాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు గారి బృందం వాటిని వెలుగులోకి తెచ్చాకే బయటి ప్రపంచానికి తెలిసింది. సవర భాష కోసం గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడి దగ్గర ఏళ్ల తరబడి పనిచేశారు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని వాచకాలు రాశారు, బడులు పెట్టించారు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. జోడెఘాట్‌లో కుమ్రం భీం అమరుడైన తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన హైమన్‌డార్ఫ్ గారు 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం పెట్టించారు. గోండి వాచకాలు దేవనాగరి లిపిలో తయారయ్యాయి. భీం కూడా చాందా వైపు వెళ్లినప్పుడు ఒక అచ్చుయంత్రం నడిపే మనిషి దగ్గర ఉండి అక్షరం నేర్చుకున్నాడని ఆయన చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. జల్ జంగల్ జమీన్ అన్న మనిషికి అచ్చు విలువ తెలుసు.

ఇటీవలి కాలానికి వస్తే, ఉమ్మడి రాష్ట్రంలో 2003-04 ప్రాంతంలో మాతృభాషా బోధన మొదలుపెట్టారు. గోండి, కోయ, కోలామి, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో తెలుగు లిపిలో వాచకాలు వచ్చాయి. మన కోలాం పిల్లవాడు బడిలో మొదటిసారి తన ఇంటి మాటను అచ్చులో చూశాడు. ఆదిలాబాద్ ఉపాధ్యాయులు తొడసం కైలాస్ గారు మహాభారత కథను గోండిలోకి తెచ్చి తెలుగు లిపిలో పుస్తకంగా ఇచ్చారు.

అంటే రాసేవాళ్లు ఉన్నారు, చదవగలిగినవాళ్లు ఉన్నారు. తెగిపోయింది నడుమ దారి. ఆ దారి గురించే మా మాట.

మన పాఠకుడికి ఈ రోజు పుస్తకం దొరికే చోట్లు ఐదు. ఒక్కొక్కటి చూద్దాం.

మొదటిది బడి, ఆశ్రమ పాఠశాల, హాస్టల్. మన పిల్లల్లో చాలామంది మొదటి పుస్తకం పట్టుకునేది ఇక్కడే. ఉచితంగా వస్తుంది, రావాలి కూడా. పాఠ్యపుస్తకానికి డబ్బు అడగకూడదు. కానీ పాఠం పుస్తకం కాకుండా కథల పుస్తకం ఎక్కడ ఉంటుంది? చాలా చోట్ల బీరువాలో ఉంటుంది, బీరువాకు తాళం ఉంటుంది. పుస్తకం చిరిగితే లెక్క చెప్పాలని ఉపాధ్యాయుడికి భయం. మన భాషలో అచ్చయిన చిన్న పుస్తకాల కట్టలు తాడు కూడా విప్పకుండా ఒక కార్యాలయం గదిలో ఏళ్ల తరబడి ఉండటం మేం కళ్లారా చూశాం. ఆ కట్టల మీద చెదలు చదువుకుంటున్నాయి. ఎవరి పేరూ చెప్పడం మా ఉద్దేశం కాదు. పంపడంతో పని అయిపోయిందనుకునే పద్ధతి మారాలని చెబుతున్నాం.

రెండోది గ్రంథాలయం. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా వెళ్తాయి. గూడెంలో గుడిసె కట్టే పన్ను ఎంత, అందులో ఎనిమిది పైసల వంతు ఎంత? మన వైపు నుంచి పోయేది తక్కువే. అందుకని మనకు వచ్చేది కూడా తక్కువే ఉండాలా? పన్ను జిల్లా మొత్తానికి కలిపి లెక్క వేసేది దూరపు ఊళ్లకు కూడా పుస్తకం చేరాలనే కదా. తెనాలి వైపు 1935లో పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. కాలువ ఉన్నచోట పడవ నడిచింది. వాగులు, గుట్టలు ఉన్నచోట ఏది నడవాలో మనమే ఆలోచించాలి. గ్రంథాలయం మండల కేంద్రంలో ఉదయం కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరిచి ఉంటే, పత్తి చేనులో ఉన్న మనిషి ఏ గంటకు రాగలడు?

మూడోది పట్నంలో పుస్తకాల దుకాణం. దీని లెక్క ఒకసారి వేద్దాం. పుస్తకం ధర 150 రూపాయలు అనుకోండి. 2025-26 సంవత్సరానికి మన రాష్ట్రంలో ప్రకటించిన ఉపాధి హామీ రోజు కూలీ 307 రూపాయలు. ఆదిలాబాద్ పోయి రావాలంటే ఒక రోజు పోతుంది. 2023 డిసెంబరు నుంచి మన అక్కచెల్లెళ్లకు ఆర్టీసీ బస్సులో టికెట్ లేదు, మంచిదే. కానీ పోయిన కూలీ ఎవరిస్తారు? బస్సు రోడ్డు దాకా నడక ఎవరు నడుస్తారు? 150 రూపాయల పుస్తకం మనకు 450 రూపాయలకు పైగా పడుతుంది. అంత పెట్టి పోతే, ఆ దుకాణంలో గోండి పుస్తకం ఉందా అంటే పోటీ పరీక్షల పుస్తకం చూపిస్తారు. దుకాణదారును కూడా తప్పుపట్టలేం. అమ్ముడుపోతుందో లేదో తెలియని పుస్తకం పెట్టుకుని అద్దె కట్టలేడు.

నాలుగోది పోస్టు. మన గూళ్లకు వచ్చే దారుల్లో పాతది, నమ్మకమైనది ఇదే. కొరియర్ మండల కేంద్రంలోనే ఆగిపోతుంది. "వచ్చి తీసుకుపోండి" అని ఫోన్ చేస్తారు. పోస్టుమాన్‌కు మాత్రం ఫలానా గూడెంలో ఫలానా ఆత్రం వాళ్ల ఇల్లు, మెస్రం వాళ్ల ఇల్లు తెలుసు. చిన్న ప్రచురణకర్తలు, చిన్న పత్రికలు రిజిస్టర్డ్ బుక్ పోస్టు మీదే బతికాయి, ఎందుకంటే బరువైన పుస్తకాల పొట్లం తక్కువ ఖర్చుతో చేరేది. 2024 డిసెంబరులో ఆ సేవను ఎత్తేశారు. పట్నంలో ఉన్నవాళ్లకు ఇది పెద్ద వార్త కాలేదు, వాళ్లకు వేరే దారులున్నాయి. మనకు ఉన్న ఒక్క దారి ఇరుకైపోయింది. పుస్తకం ధరతో సమానంగా పంపే ఖర్చు పడితే 50 రూపాయల చిన్న పుస్తకాన్ని ఎవరు తెప్పించుకుంటారు?

ఐదోది ఫోన్. మన యువత దగ్గర పుస్తకం ఉండకపోయినా ఫోన్ ఉంటుంది. వాట్సాప్ గ్రూపుల్లో పుస్తకాల పీడీఎఫ్‌లు తిరుగుతున్నాయి. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి చేరింది, ఇప్పుడు ఫాంట్లు కూడా ఉన్నాయి. గుంజాలలో ఇంటి అటక మీద ఉన్న అక్షరం ప్రపంచంలో ఏ కంప్యూటర్‌లోనైనా కనబడగలదు. ఇది మామూలు సంగతి కాదు. కానీ సిగ్నల్ కోసం గుట్ట ఎక్కే గూళ్లు ఇంకా ఉన్నాయి. పేజీలను ఫోటోలు తీసి కుట్టిన పీడీఎఫ్‌ను చిన్న తెర మీద రెండు వేళ్లతో జరుపుతూ చదవడం పెద్దవాళ్లకు కళ్లనొప్పి. ఇంకొక సంగతి కూడా ఉంది. అప్పు చేసి పుస్తకం అచ్చు వేసుకున్న మన రచయిత, తన పుస్తకం వెయ్యిమంది ఫోన్లలో ఉచితంగా ఉందని తెలిసి సంతోషపడాలో ఏడవాలో తెలియక కూర్చున్నాడు. కిక్రి వాయించిన తోటికి ధాన్యం పెట్టిన జాతి మనది. రాసినవాడికి ఏమీ పెట్టకుండా పుస్తకం తీసుకోవడం మన పద్ధతి కాదు.

ఇక మా అనుభవం చెబుతాం. మా బృందం జాతరల్లో, సంతల్లో పుస్తకాలు పెట్టి అమ్ముతోంది. పెద్ద దుకాణం ఏమీ కాదు. ఒక ట్రంకు పెట్టె, ఒక పట్టా, పైన టార్పాలిన్. మేం చూసింది ఇది: మన పాఠకుడికి అన్నిటికన్నా ఇష్టమైన చోటు జాతరే. ఎందుకంటే అక్కడికి ఎలాగూ వస్తాడు. చేతిలో పత్తి డబ్బులో, సోయా డబ్బులో కొంచెం ఉంటాయి. దుకాణం మెట్లు ఎక్కాలంటే కొత్తవాడికి బెరుకు. నేల మీద పరిచిన పుస్తకం ముందు మాత్రం ఎవరైనా గొంతుక్కూర్చోవచ్చు, తిరగేసి చూడవచ్చు, కొనకుండా లేచిపోవచ్చు. అమ్మేవాడు మన భాషలోనే మాట్లాడతాడు. "ఇందులో ఏముంది?" అంటే ఒక పేజీ చదివి వినిపిస్తాడు. చదువు రాని పెద్దమ్మ కూడా మనవడి కోసం పుస్తకం అడిగి తీసుకుంటుంది. సగల పేర్లు, దేవతల పేర్లు ఉన్న పుస్తకమైతే తన ఇంటి పేరు ఉందా అని ముందు చూసుకుంటారు. ఉంటే ముఖం వెలిగిపోతుంది. లేకపోతే "మాది ఎందుకు రాయలేదు?" అని నిలదీస్తారు. ఆ నిలదీయడం పాఠకుడు చేసే పని. రచయితకు అంతకన్నా మంచి విమర్శకుడు దొరకడు.

తెలిసిన మనిషి తేవాలి, జాతర రోజున తేవాలి, కలిసి చదవాలి, తెచ్చినవాడికి ఇవ్వవలసింది ఇవ్వాలి. మొదట్లో చెప్పిన నాలుగు సంగతులు ఇక్కడ మళ్లీ కనబడుతున్నాయి కదా. తాతల అలవాటు మనవళ్లలో అలాగే ఉంది.

ఇందులో ఒక చిక్కు ఉంది, అది కూడా చెప్పాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గోండి మాట్లాడేవాళ్లు సుమారు 29 లక్షల 80 వేలు. ఇంతమంది ఉన్నారు కదా, పుస్తకం వేలల్లో పోవాలి అనుకుంటాం. కానీ మన గోండి పుస్తకం తెలుగు లిపిలో ఉంటే చంద్రపూర్, గడ్చిరోలి చుట్టాలు చదవలేరు. వాళ్లది దేవనాగరిలో ఉంటే మన పిల్లలు తడబడతారు. మాట ఒకటే, వియ్యాలు కలుస్తాయి, పుస్తకం మాత్రం సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. కేస్లాపూర్ నాగోబా జాతరకు మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా మనవాళ్లు వస్తారు. మన ట్రంకు పెట్టె ముందు కూర్చుని, పుస్తకం పట్టుకుని, అక్షరం రాక పక్కన పెట్టేస్తారు. చదివి వినిపిస్తే నవ్వుతూ వింటారు. అందుకే చిన్న పుస్తకాలనైనా ఒక వైపు పేజీలో తెలుగు లిపి, ఎదురు పేజీలో దేవనాగరి, వీలైతే శీర్షికలు గుంజాల లిపిలో వేయాలని మా అభిప్రాయం. ఖర్చు పెరుగుతుంది, నిజమే. పాఠకులు కూడా పెరుగుతారు.

ఇప్పుడు సంఘం ముందు కొన్ని పనులు పెడుతున్నాం. పెద్దలు ఆలోచించి తీర్మానం చేయాలని మనవి.

మొదటి పని, ఏడాది తిరుగుడు. డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన జరుగుతుంది. అక్కడ ఉన్న మన ఉద్యోగులు, విద్యార్థులు మన మీద వచ్చిన పుస్తకాలు, పిల్లల పుస్తకాలు ఎంచి కొనాలి. పుష్య అమావాస్యకు నాగోబా జాతర, అంటే నెల రోజుల తేడా. అక్కడ కొన్నవి ఇక్కడ అమ్మవచ్చు. 2026లో మేడారం జాతర జనవరి 28 నుంచి 31 వరకు. అదే మాఘ పౌర్ణమి రోజుల్లో గోండియా జిల్లా కచార్‌గఢ్ జాతర కూడా. కోయ పుస్తకాలతో ఒక పెట్టె మేడారం పోవాలి, గోండి పుస్తకాలతో ఒక పెట్టె కచార్‌గఢ్ పోవాలి. తిరిగి వచ్చేటప్పుడు అక్కడి పుస్తకాలు ఇక్కడికి తేవాలి.

రెండో పని, రాయి సెంటర్‌కు ఒక పెట్టె. ప్రతి రాయి సెంటర్‌లో ముప్పై నలభై పుస్తకాలతో ఒక పెట్టె పెట్టాలి, దానికి తాళం వద్దు. పంచాయితీకి వచ్చినవాళ్లు తీసుకుపోతారు, మళ్లీ వచ్చినప్పుడు తెస్తారు. కొన్ని తిరిగి రావు. రానివ్వండి, అవి ఎక్కడో ఒక ఇంట్లోనే ఉంటాయి. నెలకోసారి పెట్టెలు ఒక సెంటర్ నుంచి ఇంకో సెంటర్‌కు మారితే కొత్త పుస్తకం చూసినట్టే ఉంటుంది.

మూడో పని, ధర. పెద్ద పరిశోధన గ్రంథం అలాగే ఉండనివ్వండి. దానిలోని సంగతిని 32 పేజీల చిన్న పుస్తకంగా, 20 రూపాయలకు అందేలా వేయాలి. ఒక టీ, రెండు మిర్చీ బజ్జీల ఖర్చుతో జాతరలో పుస్తకం రావాలి. అందులో రచయిత వంతు ముందే తేల్చి ఇవ్వాలి. అచ్చు వేసిన ఏడాది తర్వాత, రచయిత ఒప్పుకుంటే, అదే పుస్తకాన్ని ఫోన్‌లో చక్కగా చదవగలిగే అక్షరాలతో సంఘమే ఉచితంగా పెడుతుంది. ఇలా చేస్తే దొంగ పీడీఎఫ్‌తో పని ఉండదు, రాసినవాడికి గౌరవం ఉంటుంది.

నాలుగో పని, అడగడం. నాగోబా దర్బార్ మన సమస్యలు వినడానికి మొదలైన దర్బార్. హైమన్‌డార్ఫ్ కాలం నుంచి అధికారులు వచ్చి కూర్చుంటున్నారు. ఈసారి దర్బార్‌లో రోడ్డు, నీళ్లు, వైద్యంతో పాటు రెండు అర్జీలు ఇద్దాం. ఆశ్రమ పాఠశాలల కోసం కొనే పుస్తకాల్లో ఆదివాసీ భాషల పుస్తకాలు ఉండాలి, అవి పిల్లల చేతిలో ఉండాలి అని ఒకటి. చౌకగా పుస్తకం పంపే బుక్ పోస్టు సేవను తిరిగి తెమ్మని కేంద్రానికి రాయండి అని రెండోది.

ఐదో పని, అన్నిటికన్నా తొందరైనది. గుస్సాడీ కనకరాజు గారు, కంచుతాళాల సకిని రామచంద్రయ్య గారు, ఇద్దరూ పద్మశ్రీలు, ఇద్దరూ 2024లోనే మనల్ని విడిచి వెళ్లారు. రామచంద్రయ్య గారి గొంతులో కోయ వీరుల కథలు ఎన్ని ఉన్నాయో విన్నవాళ్లకు తెలుసు. ఇలాంటి పెద్దలు ఇంకా మన గూళ్లలో ఉన్నారు. జాతరలో పుస్తకాలు అమ్మే బృందమే ఫోన్‌లో వాళ్ల పాటలు, కథలు వాళ్ల అనుమతితో రికార్డు చేయాలి. చిన్న పుస్తకంగా వేసి మరుసటి ఏడాది అదే జాతరలో ముందు వాళ్ల చేతిలో పెట్టాలి. వాళ్లు పాడింది వాళ్ల మనవరాలు చదివి వినిపించాలి. తప్పు రాస్తే అక్కడే దిద్దుతారు.

ఈ పనులకు పెద్ద డబ్బు అక్కరలేదు. ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఏడాదికి ఒక్క రోజు జీతం ఇస్తే పెట్టెలు నిండుతాయి. ఊళ్లో ఉన్న యువకులు జాతరకు ఒక్క రోజు ముందు వస్తే టార్పాలిన్ లేస్తుంది. ఈ ఈ-సంచికను హైదరాబాద్‌లోనో, ఇంకా దూరంలోనో చదువుతున్నవాళ్లు, పోయినసారి ఊరికి వచ్చేటప్పుడు ఏం తెచ్చారో ఒకసారి గుర్తు చేసుకోండి. మిఠాయి తెచ్చారు, బట్టలు తెచ్చారు. ఈసారి వచ్చేటప్పుడు సంచిలో రెండు పుస్తకాలు కూడా పెట్టుకోండి. ఒకటి మీ ఇంట్లో పిల్లలకు, ఇంకొకటి రాయి సెంటర్ పెట్టెకు.

నాగోబా జాతరలో మన టార్పాలిన్ కింద కలుద్దాం. పుస్తకం కొనకపోయినా పర్వాలేదు. కూర్చోండి, ఒక పేజీ చదివి వినిపిస్తాం.